పాత కెమెరాకి వైఫై మెమరీ కార్డు ఇప్పుడు కూడా పనికొస్తుందా?

వెన్నెల_క్లిక్

అందరికీ నమస్తే. నా దగ్గర పదేళ్లు దాటిన డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి ఉంది. దానికి వైఫై లేదు, బ్లూటూత్ లేదు, ఫొటోలు మాత్రం ఇప్పటికీ బ్రహ్మాండంగా వస్తాయి. తంటా అంతా తీశాకే. అందరూ "ఫొటోలు ఎప్పుడు పంపిస్తావు" అంటారు, నేను "రేపు" అంటాను, ఆ రేపు మూడు నెలలకి వస్తుంది. ఈలోపు ఎవరో ఫోన్లో తీసిన మసక ఫొటోలే అందరికీ చేరిపోయి ఉంటాయి.

మొన్న మా బాబాయి ఒక ఎస్‌డీ కార్డు ఇచ్చాడు. తోషిబా ఫ్లాష్‌ఎయిర్, డబ్ల్యూ-03, 16 జీబీ అని ఉంది దాని మీద. కెమెరాలో పెడితే చాలు, ఫొటోలు వాటంతట అవే ఫోన్లోకి వచ్చేస్తాయట. నిజమేనా, లేక బాబాయి ఎప్పటిలాగే కొంచెం కలిపి చెప్తున్నాడా?

ఇంకోటి, నా లాప్‌టాప్‌లో ఫోల్డర్ల పేర్లు "కొత్త ఫోల్డర్", "కొత్త ఫోల్డర్ 2", "ఫైనల్", "అసలు ఫైనల్" ఇలా ఉన్నాయి. నవ్వకండి. ఈ కార్డు వాడితే ఆ గందరగోళం కూడా ఏమైనా తగ్గుతుందా?

రీలు_రోజులు

బాబాయి చెప్పింది సగం నిజం అమ్మా. వాటంతట అవే వచ్చేసేవి వేరే కార్డులు. ఐ-ఫై అని 2007లో మొదటి కార్డు వచ్చింది, 2 జీబీ. నువ్వు ఫొటో తీసి కెమెరా పక్కన పెడితే చాలు, ఇంటి వైఫై దొరకగానే అదే కంప్యూటర్‌కి తోసేసేది. తర్వాత వచ్చిన ఎక్స్2 కార్డుల్లో ఇంకో వింత, కార్డు నిండబోతుంటే అప్పటికే పంపేసిన పాత ఫొటోలని తనే తుడిచేసుకుని చోటు చేసుకునేది. ఇంకా ముందే వచ్చిన ఒక రకం అయితే చుట్టుపక్కల వైఫై సిగ్నళ్లని బట్టి ఫొటోకి ఊరి వివరం కూడా అతికించేది, జీపీఎస్ లేకుండానే. ఆ రోజుల్లో అదంతా మాయాబజారులా ఉండేది మాకు.

ఫ్లాష్‌ఎయిర్ 2012లో వచ్చింది, దాని పద్ధతి వేరు. అది తోయదు, మనమే లాక్కోవాలి. ఒకటి వడ్డించే రకం, ఇంకోటి మనమే లేచి వడ్డించుకోవాల్సిన రకం. పెట్టిన ఐదు నిమిషాల్లో ఫోన్లోకి ఏమీ రాలేదని కార్డు పాడైందనుకోకు.

సర్క్యూట్_సుబ్బడు

మాస్టారు చెప్పిందానికి కొనసాగింపు. ఆ కార్డులో మెమరీ ఒక్కటే కాదు, ఒక బుల్లి వెబ్ సర్వర్ కూడా ఉంది. కెమెరా ఆన్ చేస్తే కార్డుకి కరెంటు వస్తుంది, కార్డు తనే ఒక వైఫై నెట్‌వర్క్ మొదలుపెడుతుంది. ఫోన్లో వైఫై లిస్టులో దాని పేరు కనబడుతుంది, కనెక్ట్ అయ్యి బ్రౌజర్లో 192.168.0.1 కొడితే ఫొటోల పేజీ తెరుచుకుంటుంది. యాప్ లేకపోయినా పర్లేదు. ఇది చాలా పెద్ద లాభం, ఎందుకో కింద ఎవరో ఒకరు ఐ-ఫై కథ ఎత్తినప్పుడు అర్థమవుతుంది.

మొదటి పాస్‌వర్డు 12345678. అవును, నిజంగానే అదే. ముందు దాన్ని మార్చండి. కార్డులో దాచిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది, ఎస్‌డీ-డబ్ల్యూలాన్ అని, అందులో కాన్ఫిగ్ అనే ఫైల్. మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డు, ఏ మోడ్‌లో పనిచేయాలి, అన్నీ అందులోనే. మార్చాక కార్డుని ఒకసారి తీసి పెట్టాలి, అప్పుడే కొత్త సెట్టింగు పట్టుకుంటుంది.

వెన్నెల_క్లిక్

చేశాను! పేజీ వచ్చింది, చిన్న చిన్న బొమ్మలు కనబడ్డాయి, నాకు కళ్లు తిరిగాయి. ఒక ఫొటో తెరిచాను, రెండోది తెరిచేలోపు పోయింది. మళ్లీ కనెక్ట్ అయితే మళ్లీ పోతోంది. నాలుగుసార్లు అయ్యాక కెమెరా కట్టేసి పడుకున్నాను.

బ్యాటరీ_నిల్

అది కార్డు తప్పు కాదండీ, రెండు చోట్ల చూసుకోండి.

ముందు ఫోన్. కార్డు ఇచ్చే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కదా, ఫోన్ దాన్ని పసిగట్టి "ఇది పనికిరాని వైఫై" అని తనే తీర్మానించుకుని మొబైల్ డేటాకి దూకేస్తుంది. ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా అని ఒక ప్రశ్న వస్తుంది, చాలామంది చూడకుండా కొట్టేస్తారు. దానికి అవును అనండి. కుదరకపోతే ఆ కాసేపు మొబైల్ డేటా ఆపేయండి, అది మొరటు పద్ధతే కానీ నమ్మకమైనది. ఐఫోన్ అయితే 14వ ఐఓఎస్ నుంచి లోకల్ నెట్‌వర్క్ అనుమతి అని కొత్తది పెట్టారు, యాప్ వాడేవాళ్లు అది ఇవ్వకపోతే యాప్‌కి కార్డు కనబడనే కనబడదు.

తర్వాత కెమెరా. దాని ఆటో పవర్ ఆఫ్ ఎంత పెట్టారు? చాలా కెమెరాల్లో అది అర నిమిషం, ఒక నిమిషం ఉంటుంది. కెమెరా నిద్రపోతే కార్డుకి కరెంటు ఆగిపోతుంది, వైఫై చచ్చిపోతుంది. దాన్ని ఐదో పదో నిమిషాలకి పెంచండి. కార్డు కూడా ఊరికే ఉండదు, మామూలు సెట్టింగులో 5 నిమిషాల పాటు ఎవరూ కనెక్ట్ కాకపోతే తన వైఫై తనే ఆపేసుకుంటుంది.

ఇంకేముంది, బ్యాటరీ తాగేస్తుంది. నా పేరు ఊరికే పెట్టుకోలేదు నేను.

కేబుల్_కాంతం

ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది, ఏమనుకోకండి. కాన్ఫిగ్ ఫైలు, పాస్‌వర్డు, మొబైల్ డేటా ఆపడం, ఆటో పవర్ ఆఫ్ పెంచడం... ఇన్ని పాట్లు ఎందుకు? కార్డు తీయండి, రీడర్‌లో పెట్టండి, అయిపోయింది. ఫోన్‌కి కూడా ఓటీజీ రీడర్లు వచ్చాయి కదా, వేలెడంత ఉంటుంది, జేబులో పడేసుకోవచ్చు.

లెక్క కూడా చెప్తాను. ఈ కార్డుల వైఫై 2.4 గిగాహెర్ట్‌జ్, దూరం, కెమెరా లోహపు బాడీ అన్నీ కలిస్తే చేతికొచ్చేది సెకనుకి ఒకటో రెండో ఎంబీ. 25 ఎంబీ రా ఫైళ్లు, అంటే కెమెరా కుదించకుండా దాచే పెద్ద ఫైళ్లు, 500 ఉన్నాయనుకోండి, అంటే 12.5 జీబీ. ఒకటిన్నర ఎంబీ చొప్పున అయితే రెండు గంటల పైనే. సెకనుకి 80 ఎంబీ లాగే కార్డు, మంచి రీడర్ ఉంటే మూడు నిమిషాలు కూడా పట్టదు. రెండు గంటలు కెమెరా ఆన్‌లో ఉంచితే ఎన్ని బ్యాటరీలు కావాలి?

బ్యాటరీ_నిల్

కాంతం గారూ, మీ లెక్క తప్పని ఎవరన్నారు? కానీ 500 రా ఫైళ్లు వైఫై కార్డు మీద లాగమని ఇక్కడ ఎవరూ చెప్పలేదు. అది గంపెడు ఇసుకని స్పూన్‌తో మోయడమే.

రీలు_రోజులు

కాంతం అన్నదాంట్లో న్యాయం ఉంది, కానీ వెన్నెల అడిగిన పని వేరు. ఆమెకి కావాల్సింది 500 ఫైళ్లు కాదు, అక్కడికక్కడ పదో పదిహేనో ఫొటోలు పంపడం. ఐదారు ఎంబీల జేపెగ్ ఒకటి మూడు నాలుగు సెకన్లలో వచ్చేస్తుంది, అంతకంటే ఏం కావాలి.

నేను చేసేది చెప్తాను. కెమెరాలో రా ప్లస్ జేపెగ్ పెట్టి, జేపెగ్‌ని చిన్న సైజుకి దింపేస్తాను. రా నా కోసం, బుల్లి జేపెగ్ పంచడం కోసం. ఫోన్లో జేపెగ్‌లే తాకుతాను, ఇంటికి వచ్చాక రా అంతా రీడర్‌తోనే. అంటే కాంతం పద్ధతీ, వెన్నెల పద్ధతీ రెండూ నా సంచిలో ఉంటాయి. ఇందులో పోట్లాడుకోవడానికి ఏమీ లేదు.

కేబుల్_కాంతం

మాస్టారు చెప్తే ఒప్పుకోక తప్పదు. కానీ ఓటీజీ రీడర్ మాట వెనక్కి తీసుకోను.

జూమ్_పోకిరి

నేనొక తప్పు చేశాను, ఎవరూ చేయకండి. నా దగ్గరున్న వైఫై కార్డు, కంపెనీ పేరు అనవసరం. ఒక రోజు కార్డు నిండిపోయిందని చూపించింది. కెమెరాలో ఒక్కొక్కటి డిలీట్ చేయడం బద్ధకమేసి, కెమెరా ఆన్‌లో ఉండగానే కంప్యూటర్ నుంచి వైఫై మీద ఓ యాభై ఫొటోలు తుడిచేశాను. తర్వాత కెమెరాతో మళ్లీ తీయడం మొదలుపెట్టాను. ఇంటికొచ్చి చూస్తే కొన్ని ఫైళ్లు సగం ఒక ఫొటో, సగం ఇంకో ఫొటో. ఒకదాంట్లో పైన మా అక్క మొహం, కింద ఎవరిదో చెప్పులు. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

సర్క్యూట్_సుబ్బడు

జూమ్ తమ్ముడూ, నువ్వు నవ్వుతూ చెప్పావు కానీ ఈ చర్చలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

కెమెరా ఆన్ అవగానే కార్డులో ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టికని చదివి తన దగ్గర పెట్టుకుంటుంది, ఆ కార్డుకి తనొక్కడే యజమాని అనుకుంటుంది. ఇటు నువ్వు వైఫై వైపు నుంచి అదే పట్టికని మార్చేశావు. కెమెరాకి ఆ కబురు అందదు. అది తన పాత పట్టిక చూసుకుని రాస్తుంది, కార్డు నువ్వు మార్చిన పట్టిక ప్రకారం ఉంటుంది. ఒక పుస్తకంలో ఇద్దరు గుమస్తాలు ఒకరికొకరు చెప్పుకోకుండా లెక్క రాస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. చెప్పులు, అక్క మొహం కలిసిపోయింది అందుకే.

అందుకే ఫ్లాష్‌ఎయిర్‌లో వైఫై మీద రాయడం, తుడవడం మామూలుగా ఆపేసి ఉంటుంది, కాన్ఫిగ్ ఫైల్లో అప్‌లోడ్ దగ్గర 1 పెడితేనే వస్తుంది. పెట్టకండి. వైఫై నుంచి చదవడం మాత్రమే, తుడవడం కెమెరా చేతనే. అది కూడా ఒక్కొక్కటి కాదు, ఫొటోలు రెండు చోట్ల భద్రంగా ఉన్నాయని చూసుకున్నాక కెమెరాలో ఫార్మాట్ కొట్టండి. ఫార్మాట్ చేసేముందు కాన్ఫిగ్ ఫైల్ ఒకసారి లాప్‌టాప్‌లో కాపీ పెట్టుకోండి, కొన్ని కెమెరాలు దాన్ని కూడా ఊడ్చేస్తాయి.

జూమ్_పోకిరి

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదన్నా ఇన్నేళ్లలో. థాంక్యూ.

డార్క్‌రూమ్_దెయ్యం

ఐ-ఫై కథ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. ఆ కార్డుల సెట్టింగులు మార్చాలంటే కంపెనీ సర్వర్‌లో అకౌంటు కావాలి. 2016లో కంపెనీ ఒక ప్రకటన చేసింది, ఎక్స్2, అంతకుముందు వచ్చిన కార్డులకి ఆ సెప్టెంబర్ 16 నుంచి సపోర్టు ఉండదని. కార్డు పాడవలేదు, మెమరీ బాగానే ఉంది, ఎక్కడో ఉన్న సర్వర్ ఆగింది, అంతే. 2013లో వచ్చిన మోబీ కార్డులకి ఆ గతి పట్టలేదు, ఎందుకంటే అవి నేరుగా ఫోన్‌తో మాట్లాడతాయి. అప్పటి కెమెరాల మెనూల్లో ఇప్పటికీ ఐ-ఫై అని ఒక వరుస కనబడుతుంది కొన్నింట్లో, చనిపోయిన చుట్టం పేరు రేషన్ కార్డులో ఉన్నట్టు.

వెన్నెల గారి కార్డు మాట వేరు. తోషిబా మెమరీ విభాగం 2019 అక్టోబరులో కియోక్సియా అని పేరు మార్చుకుంది, ఆ తర్వాత ఎన్ని మారినా ఆమె బ్రౌజర్‌లో 192.168.0.1 కొడితే పేజీ వస్తూనే ఉంది. సర్వర్ కార్డు లోపలే ఉంది కాబట్టి. ఏదైనా కొనేముందు నేను వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: కంపెనీ రేపు లేకపోతే ఇది నడుస్తుందా?

వెన్నెల_క్లిక్

ఇప్పుడు నిలకడగా పనిచేస్తోంది, మొబైల్ డేటా ఆపేశాక ఒక్కసారి కూడా పోలేదు. బ్యాటరీ_నిల్ గారికి దండం.

కానీ నా రెండో ప్రశ్న అందరూ మర్చిపోయారు. సర్దుడు సంగతి. ఇప్పుడు ఫోన్లో కొన్ని, కార్డులో కొన్ని, లాప్‌టాప్‌లో కొన్ని. ఇంతకుముందు కంటే ఎక్కువ చోట్ల ఉన్నాయి! పైగా ఫోన్లోకి వచ్చిన ఫొటో డీఎస్‌సీ 0412 అని ఉంది, లాప్‌టాప్‌లో పాత ఫొటో ఒకటి అదే పేరుతో ఉంది. ఏది ఏదో?

రీలు_రోజులు

మర్చిపోలేదమ్మా, కాస్త కూర్చుని రాయాల్సింది అని ఆగాను.

కార్డు సర్దదు. వైఫై కార్డయినా, కేబులయినా, రీడరయినా అది ఇక్కడి నుంచి అక్కడికి మోసే కూలీ. సామాను ఏ గదిలో పెట్టాలో ఇంటివాళ్లే చెప్పాలి.

పేరు గొడవ ఎందుకొస్తుందంటే, కెమెరాలన్నీ ఒకే నియమం ప్రకారం పేర్లు పెడతాయి, నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. 9999 అయ్యాక మళ్లీ 0001. అంటే పదివేల ఫొటోలకోసారి పేర్లు తిరిగొస్తాయి. పదేళ్ల కెమెరా కాబట్టి నీది ఎన్ని చుట్లు తిరిగిందో. రెండు ఫొటోలని ఒకే ఫోల్డర్లో పడేస్తే ఒకటి ఇంకోదాన్ని మింగేసే ప్రమాదం ఉంది.

అందుకని కెమెరా ఇచ్చిన పేరు ఉంచుకోకు. ప్రతి ఫొటో లోపల ఎగ్జిఫ్ అని ఒక చీటీ ఉంటుంది, తీసిన తేదీ, సమయం, లెన్సు, అన్నీ అందులో రాసి ఉంటాయి. దాన్ని బట్టి పేరు పెట్టు. 2019-11-03 తర్వాత గంట, నిమిషం, సెకను, చివర పాత అంకె. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఈ వరుసలో రాస్తేనే కంప్యూటర్ దానంతటదే కాలక్రమంలో పేరుస్తుంది, రోజు ముందు రాస్తే అన్ని నెలల ఒకటో తారీఖులూ ఒకచోట చేరతాయి. ఒక్కొక్కటి చేత్తో మార్చక్కర్లేదు, డిజికామ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, వేల ఫొటోల పేర్లు ఒకే దెబ్బకి మారుస్తుంది. కమాండ్లు కొట్టడం వచ్చినవాళ్లకి ఎగ్జిఫ్‌టూల్.

ఫోల్డర్లు కూడా అంతే. సంవత్సరం ఫోల్డరు, దాని లోపల తేదీ, పక్కన రెండు మూడు మాటలు. "2019-11-03 పిన్ని వాళ్లింట్లో" అని. ఇంతకంటే లోతుకి వెళ్లకు. మనుషుల పేర్లతో, ఊళ్ల పేర్లతో ఫోల్డర్లు చేస్తే పిన్నీ, బాబాయీ ఒకే ఫొటోలో ఉన్నప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియక రెండుచోట్లా పెడతావు, అక్కడి నుంచి మొదలవుతుంది "అసలు ఫైనల్". మనుషుల పేర్లు ట్యాగుల్లో రాసుకో, ఒక ఫొటోకి ఎన్నయినా పెట్టొచ్చు.

వెన్నెల_క్లిక్

మాస్టారూ, నా కెమెరాలో తేదీ చూస్తే ఒక సంవత్సరం వెనక ఉంది. ఎప్పటి నుంచి అలా ఉందో కూడా తెలియదు. ఇంక నా చీటీలన్నీ అబద్ధాలేనా?

బ్యాటరీ_నిల్

బ్యాటరీ చాలాకాలం తీసి పెట్టేశారా? అలా పెడితే గడియారం మొదటికి పోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు తేదీ అడుగుతుంది, మనం తొందరలో ఓకే కొట్టేస్తాం.

భయపడకండి. గడియారం తప్పాక తీసిన ఫొటోలన్నింట్లోనూ తేడా ఒకటే కదా. వాటిలో ఏదైనా ఒక ఫొటోకి అసలు తేదీ, సమయం మీకు కచ్చితంగా తెలిస్తే చాలు, పుట్టినరోజు ఫొటోలాంటిది. ఎంత తేడా ఉందో లెక్కేసుకుని వాటన్నింటినీ అంతే ముందుకి జరపొచ్చు. డిజికామ్‌లో సమయం సవరించే పని ఉంది, ఎగ్జిఫ్‌టూల్‌తో కూడా అవుతుంది. చేసేముందు కాపీ తీసుకోండి.

ఇద్దరు కెమెరాలతో ఒకే చోట తీసినప్పుడు కూడా ఇదే చిట్కా. మొదట్లోనే ఇద్దరూ ఒకే ఫోన్ గడియారాన్ని ఫొటో తీసుకోండి. తర్వాత తేడా ఎంతో సెకన్లతో సహా తెలిసిపోతుంది. లేకపోతే కేకు తినేశాక కేకు కోస్తున్నట్టు వస్తాయి ఫొటోలు.

జూమ్_పోకిరి

లైట్‌రూమ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఒక మాట. ఆటో ఇంపోర్ట్ అని ఉంది కదా, ఒక ఫోల్డర్‌ని కాపలా కాస్తుంది, అందులో ఏది పడినా కేటలాగులోకి ఎక్కిస్తుంది. వైఫై కార్డు నుంచి వచ్చేవి ఆ ఫోల్డర్లో పడేలా పెట్టుకుంటే చాలా సుఖం. కానీ ఆ ఫోల్డర్ లోపలి ఫోల్డర్లని అది చూడదు. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా తల బాదుకున్నాను.

మీనా_మాక్రో

పంచడం గురించి ఎవరూ ఒక విషయం అనలేదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, మాస్టారు చెప్పిన ఆ ఎగ్జిఫ్ చీటీ కూడా చింపేస్తుంది. అవతలివాళ్లు దాచుకున్న కాపీలో తీసిన తేదీ ఉండదు. తర్వాత ఎప్పుడో మీ హార్డ్ డిస్క్ పోయి వాళ్లని అడిగితే మీకు తిరిగొచ్చేది ఆ చీటీ లేని చిన్న బొమ్మే. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

అది మంచిదీ, చెడ్డదీ కూడా. ఫోన్లో తీసిన ఫొటో అయితే అందులో జీపీఎస్ ఉండొచ్చు, డాక్యుమెంట్‌గా పంపితే మీ ఇల్లెక్కడో కూడా వెళ్లిపోతుంది. తెలియనివాళ్లకి పంపేటప్పుడు చూసుకోండి. కార్డు పాస్‌వర్డు 12345678 అలాగే వదిలేస్తే కూడా అంతే, పక్కన కూర్చున్నవాళ్లు మీ కార్డంతా చూడొచ్చు. పాస్‌వర్డు అలాగే వదిలేసేవాళ్లు చాలామందే ఉన్నారు.

సర్క్యూట్_సుబ్బడు

కాస్త పక్కదారి. ఫ్లాష్‌ఎయిర్‌లో లువా అనే చిన్న భాషలో స్క్రిప్టు రాసి కార్డుకే పని అప్పగించొచ్చు. కెమెరాలు మానేసి ఈ కార్డులని త్రీడీ ప్రింటర్లలో పెట్టుకున్నవాళ్లు బోలెడుమంది, కంప్యూటర్ నుంచి నేరుగా డిజైన్ పంపడానికి. అక్కడ వైఫై మీద రాయాల్సిందే కాబట్టి నేను పైన చెప్పిన ఇద్దరు గుమస్తాల గొడవ వాళ్లకీ ఉంది, దానికి వాళ్లు

మోడరేటర్

సుబ్బడు గారూ, త్రీడీ ప్రింటర్లకి వేరే విభాగం ఉంది. అక్కడ రాయండి, మేమూ వచ్చి చదువుతాం.

సర్క్యూట్_సుబ్బడు

సరే సరే.

కేబుల్_కాంతం

ఒక్క ప్రశ్న, వెక్కిరింపు కాదు. ఇప్పుడు ఎవరైనా కొత్తగా వైఫై కార్డు కొనాలా? కొత్త కెమెరాల్లో వైఫై లోపలే వస్తోంది కదా.

డార్క్‌రూమ్_దెయ్యం

కొత్త కెమెరా ఉన్నవాళ్లకి అక్కర్లేదు. పాత కెమెరా మీద ప్రేమ ఉండి, చేతిలో కార్డు ఉంటే వాడుకోవచ్చు, కార్డు కోసం వెతికి మరీ కొనను నేను. వాడినవి కొనేవాళ్లు ముందు దాని నిండా ఫైళ్లు నింపి, తిరిగి చదివి చూసుకోండి, మీద రాసినంత సైజు లేని దొంగ కార్డులు ఎస్‌డీల్లో మామూలే. సీఎఫ్ కార్డు, అంటే ఎస్‌డీ కంటే పెద్దగా ఉండే పాత రకం కార్డు, పట్టే ఇంకా పాత కెమెరాల్లో అడాప్టర్ వేసి పెట్టాలనుకుంటే ఆశ పెట్టుకోకండి, ఆ లోహపు తొడుగులోంచి సిగ్నల్ సరిగ్గా బయటికి రాదు.

అన్నట్టు కాంతం గారు చెప్పిన ఓటీజీ రీడరే నేనూ వాడుతున్నాను. ఇన్నాళ్లూ చెప్పలేదు.

కేబుల్_కాంతం

హమ్మయ్య!!

వెన్నెల_క్లిక్

రెండు వారాల తర్వాత వచ్చాను. నిన్న ఇంట్లో చిన్న ఫంక్షన్. చిన్న జేపెగ్ పెట్టుకున్నాను, తీస్తూ మధ్యలో కూర్చుని పన్నెండు ఫొటోలు ఫోన్లోకి లాగి గ్రూపులో పెట్టాను, ఇంకా జనం భోజనాల దగ్గరే ఉన్నారు. ఒకావిడ ఫోన్ చూసి, తల తిప్పి నన్ను చూసి, మళ్లీ ఫోన్ చూసింది. బ్యాటరీ మాత్రం సాయంత్రానికి ఒకటి అయిపోయింది, రెండోది అరువు తెచ్చుకున్నాను.

రా ఫైళ్లన్నీ రాత్రి రీడర్‌తోనే ఎక్కించాను, కాంతం గారూ, మీరు గెలిచారు. గడియారం తేడా సరిచేశాను, ఒక సంవత్సరం, నాలుగు గంటలు వెనక ఉందట. 2015 నుంచి 2018 దాకా ఫోల్డర్లు అయ్యాయి. "అసలు ఫైనల్" తెరిస్తే దాని లోపల ఇంకో "ఫైనల్" ఉంది, అది రేపు చూస్తాను.

రీలు_రోజులు

ఆ రేపు మూడు నెలలకి రాకుండా చూసుకో.